గోడవైపు తిప్పిన కుర్చీ

డ్రిల్ టీచరుగారు పోయారని నాకు కువైట్ నుంచి తెలిసింది.

అమలాపురంలో ఆమె ఇల్లు మా వీధికి అవతలి వీధిలోనే. నేను పత్రికలో పనిచేస్తాను కాబట్టి ఊళ్లో ఏం జరిగినా ముందు నా చెవినే పడుతుందని మా ఇంట్లో అనుకుంటారు. ఆ ఉదయం పేపరు తిరగేస్తుంటే, కువైట్‌లో నర్సుగా పనిచేస్తున్న ఆమె పాత విద్యార్థిని ఫోన్ చేసింది.

"అన్నయ్యగారండీ, టీచరుగారు ఫోన్ ఎత్తట్లేదండి. పక్క వాటాలో తమ్ముడుగారికి చేస్తే ఏడుపులు వినపడ్డాయండి. ఒక్కసారి వెళ్లి చూడరూ?"

అంటే ఆమెకు అప్పటికే తెలుసు. ఎవరో ఒకరు కాదని చెబితే బాగుండునని నాకు చేసింది.

వెళ్లాను. కాదని చెప్పడానికి ఏమీ లేదు. నిద్రలోనే ప్రాణం పోయిందని డాక్టరు చెప్పి వెళ్లారు. గుమ్మం పక్కన ఆమె తెల్ల కాన్వాసు బూట్లు ఉతికి గోడకు ఆనించి ఉన్నాయి. ఎండడానికని లేసులు తీసి పక్కన విడిగా పెట్టారు. మర్నాడు ఆదివారం. ఆదివారం ఉదయం ఆమె ఎక్కడ ఉండాలో ఈ ఊళ్లో షటిల్ ఆడే పిల్లలందరికీ తెలుసు.

"విశ్రాంత వ్యాయామోపాధ్యాయిని కన్నుమూత" అని ఒక చిన్న వార్త రాసి పంపాను. ఏ బళ్లో పనిచేశారు, ఎప్పుడు రిటైరయ్యారు, భూస్థాపన ఎప్పుడు అన్న వివరాలతో ఆ వార్త సరిపోయింది. అందులో పట్టనివి ఇక్కడ చెబుతున్నాను.

*

మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా షటిల్ నేర్చుకుంటానంది. ఊరి చివర కాలవ పక్కన ఒక కొబ్బరి గోదాం ఉంది. సగంలో కాయల రాశులుంటాయి, మిగతా సగం ఖాళీ. దాని యజమాని ఒకప్పుడు టీచరుగారి చేత గ్రౌండు చుట్టూ పరుగులు తీయించుకున్నవాడే. ఆమె రిటైరయ్యాక ఆ ఖాళీ సగం ఆమెకు వదిలేశాడు. సిమెంటు నేల మీద సున్నంతో గీసిన కోర్టు, ఒక నెట్టు, గోడకు వరసగా మేకులు, మేకులకు రాకెట్లు. పీచు వాసన ఎప్పుడూ ఉండేది. అక్కడ ఆడిన పిల్లల బట్టలు ఉతికినా ఆ వాసన పోదు.

మొదటి రోజు అమ్మాయిని దింపడానికి నేనూ మా ఆవిడా వెళ్లాం. లోపల పిల్లలు ఒక మెట్టు మీద నుంచి కిందికి దూకుతున్నారు. చేతుల్లో రాకెట్లు లేవు. టీచరుగారు ఒక మూల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. నేత చీర, కాళ్లకు కాన్వాసు బూట్లు, మెడలో ఎప్పుడూ ఊదని విజిలు. కుర్చీ గోడవైపు తిరిగి ఉంది. పిల్లలకు ఆమె వీపే కనిపిస్తోంది.

"రెండోవాడు కుడికాలు, ఇంకోసారి ఎక్కు," అన్నారామె గోడతో.

రెండోవాడు గొణుక్కుంటూ మళ్లీ మెట్టెక్కాడు.

బయటికి వచ్చాక మా ఆవిడ అంది: "ఏవండీ, ఆవిడకి మెడ పట్టేసిందేమోనండీ. లేకపోతే గోడకేసి చూస్తూ నేర్పడమేంటండీ?"

ఆ మాట ఊళ్లో చాలామంది అన్నారని తర్వాత తెలిసింది. గోడ కోచ్ అని ఆమెకు ఒక పేరు కూడా ఉండేది. ఆ పేరు ఆమెకు తెలుసు. ఎవరైనా కొత్త తండ్రి తడబడుతూ "కోచ్‌గారండీ" అని పిలిస్తే, "గోడని కూడా కలుపుకోండి, పర్లేదు," అనేవారు.

మా అమ్మాయికి రాకెట్ చాలా రోజుల వరకు ఇవ్వలేదు. ఇంట్లో కొత్త రాకెట్ కవరులోనే ఉండిపోయింది. అది అద్దం ముందు నిలబడి ఆ కవరుతోనే స్మాష్‌లు కొట్టేది. గోదాంలో మాత్రం కింద కూర్చోవడం, చేయి ఆన్చకుండా లేవడం. ఒంటికాలి మీద నిలబడి రెండో కాలి చెప్పు తొడుక్కోవడం. నీళ్ల బకెట్టు ఒక చేత్తోనే పట్టుకుని, ఒక పక్కకు వాలకుండా కోర్టు చివరిదాకా నడవడం. ఒక అడుగు ముందుకు చాచి వంగి నేలమీది కాయ అందుకుని, అదే కాలితో నేలను తోసి వెనక్కి రావడం. ఇవన్నీ చూసి మా ఆవిడ ఒకరోజు ఉండబట్టలేక అడిగింది.

"టీచరుగారండీ, బకెట్లు మొయ్యడం మా ఇంట్లో కూడా నేర్పుతానండి. ఇక్కడికి షటిల్‌కి కదండీ పంపేం?"

"ఆయ్, నేర్పండమ్మా. ఇంట్లో మోస్తుందా?"

మా ఆవిడ నా వైపు చూసింది. నేను అమ్మాయి వైపు చూశాను. అమ్మాయి నెట్టు వైపు చూసింది.

"అందుకే ఇక్కడ మోయిస్తున్నానండి," అన్నారు టీచరుగారు నవ్వుతూ. తర్వాత నెమ్మదిగా చెప్పారు. "షటిల్‌లో చెయ్యి ఆడేది కొంచెమేనండి. మిగతాదంతా పరిగెత్తడం, ఆగడం, తిరగడం, వంగడం, లేవడం. అవి రాని పిల్లకి రాకెట్ ఇస్తే భుజంతో ఆడుద్ది, మోకాలితో ఆగుద్ది. ఎదిగే వయసు. ఎముక ముందు సాగుద్ది, కండ తర్వాత అందుకుంటుంది. ఆ మధ్యలోనే దెబ్బలు తగిలేది."

కొన్నాళ్లకు మా అమ్మాయి ఫోనులో ఒక వీడియో పట్టుకెళ్లి ఆమెకు చూపించింది. ఎక్కడో పెద్ద హాల్లో కుర్రాళ్లు సరిగ్గా ఇవే చేస్తున్నారు. బకెట్ల బదులు ఇనప గుండ్లు ఉన్నాయి.

"దీన్ని ఫంక్షనల్ ఫిట్‌నెస్ అంటారంటండి టీచర్!"

"పేరు బాగుందమ్మా. మా అమ్మ పని అనేది," అన్నారు. వీడియో మాత్రం చివరిదాకా చూశారు. ఒకచోట ఆపించి, "ఈ కుర్రాడు తిరిగేటప్పుడు వెనక మడమ ఎలా లేపేడో చూడు. ఇది మనం చెయ్యట్లేదు. రేపట్నుంచి చేద్దాం," అన్నారు. నిజంగానే మర్నాటినుంచి చేయించారు. తనకు తెలియనిది ఎదురైతే మొహం చిన్నబుచ్చుకోవడం ఆమెలో నేను ఎప్పుడూ చూడలేదు.

*

గోదాం రెండో సగంలో ఎగుమతి జట్టు పని చేసేది. రాశి దగ్గర నుంచి లారీ దాకా వరసగా నిలబడి, ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి కాయలు విసురుకుంటూ లారీ నింపుతారు. మా వైపు ఎవరికీ ఇది వింత కాదు. టీచరుగారు అది చూసి పిల్లలను కూడా అలాగే వరసలో నిలబెట్టారు. ఒలిచిన కాయ పక్కవాడికి అందించాలి. భుజంతో కాదు, నడుముతో.

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. ఆమె జట్టు మేస్త్రిని పిలిచారు.

"మేస్త్రీ, ఒక్కసారి మా పిల్లలకి విసిరి చూపించవయ్యా."

"మా పని ఈళ్లకెందుకండి టీచరుగారూ? సదువుకోమనండి."

"చదువుతారులే. నీకు సాయంత్రానికి భుజం నొప్పొస్తుందా?"

"బుజం రాదండి. నడుం పీకేస్తదండి."

"అయితే నీది కూడా సగమే రైటు," అన్నారామె. "నడుం తిప్పుతున్నావు, పాదం తిప్పట్లేదు. పాదం నేలకి అతుక్కుని నడుమొక్కటీ తిరిగితే అది పీకక ఏం చేస్తది?"

మేస్త్రి తన పాదం వైపు అనుమానంగా చూసుకున్నాడు. ఒక కాయ తీసుకుని పాదం తిప్పుతూ విసిరాడు. అది సూటిగా పోయి గోడకు తగిలింది. జట్టువాళ్లు ఈలలు వేశారు. "మేస్త్రిగారు కూడా షటిల్‌లో సేరిపోయేరోయ్!" అన్నాడొకడు. మేస్త్రి సిగ్గుపడి తలగుడ్డ విప్పి దులుపుకున్నాడు. తర్వాత నెలల్లో జట్టువాళ్లకు మా పిల్లలంటే ఒక రకమైన సొంతదనం ఏర్పడింది. లారీ నింపడం అయిపోయాక గట్టు మీద కూర్చుని బీడీలు కాలుస్తూ ఎవరిది మంచి స్మాషో తేల్చేవారు.

కుర్చీ ఎందుకు గోడవైపు తిప్పుతారని ఒకరోజు నేనే అడిగాను. విలేఖరికి అడగడమే పని కదా.

"చూస్తే ఆటే చూస్తానండి విలేఖరిగారూ. ఆట బాగుంటే కాళ్లు కనపడవు," అన్నారు. "వింటే కాళ్లు మాత్రమే వినపడతాయి."

ఆమె దగ్గర లెక్కలోకి వచ్చేది చప్పుడే. మెట్టు మీద నుంచి దూకినా, స్మాష్ కొట్టి దిగినా, వెనక్కి పరిగెత్తి ఆగినా నేల మీద చప్పుడు రాకూడదు. వేళ్ల మీద దిగి, మడమ మెల్లగా ఆన్చి, మోకాలు వంచి, తుంటి వెనక్కి తీసుకుంటే చప్పుడు రాదు. కాలు బిగబట్టి దిగితే దబ్‌మంటుంది. ఆ దబ్‌మన్నది నేలకు కాదు, మోకాలికే తగులుతుంది. చప్పుడు లేకుండా దిగిన పిల్లకు ఆమె ఇచ్చే మెప్పు ఒకటే మాట. "ఆయ్." అంతే. ఆ ఒక్క ఆయ్ కోసం మా అమ్మాయి ఇంట్లో వంటింటి గట్టు మీద నుంచి దూకి, దాని అమ్మ చేత చీవాట్లు తినేది.

*

పదో తరగతిలో మా అమ్మాయి ఆట బాగా ముందుకొచ్చింది. చుట్టుపక్కల పోటీల్లో గెలిచింది. రాజోలులో జిల్లా జట్టు ఎంపిక పోటీలని తెలిసిన రోజు నుంచి దానికి వేరే ధ్యాస లేదు. నిద్రలో కూడా స్కోరు చెప్పేది. గోదాంలో జట్టువాళ్లు సైతం "జిల్లాకి మన పాపే" అని ముందే తేల్చేశారు.

పోటీలు దగ్గర పడుతుండగా ఒక సాయంత్రం టీచరుగారు నాకు ఫోన్ చేసి రమ్మన్నారు. వెళ్లేసరికి మా అమ్మాయి మెట్టు దగ్గర నిలబడి ఉంది. మొహం ఎర్రగా ఉంది.

"పాపని ఈసారి పంపొద్దండి," అన్నారు టీచరుగారు. కుర్చీలోంచి లేచి మా వైపు తిరిగి నిలబడ్డారు. పిల్లలు మెట్టు దగ్గర ఉండగా ఆమె గోడకు వీపు పెట్టి నిలబడటం నేను చూడటం అదే మొదటిసారి. "కొన్ని వారాలుగా ఎడమకాలు దిగినప్పుడు చప్పుడొస్తుంది. అలిసిపోయినప్పుడు ఇంకా ఎక్కువ. నొప్పి ఉందా అంటే లేదంటుంది."

"లేదు డాడీ. నిజంగా లేదు."

"మెట్టు మీద ఎడమకాలి మీద నిలబడి, మెల్లగా కుడి మడమ కిందికి ఆన్చమ్మా. డాడీ చూస్తారు."

అమ్మాయి చేసింది. ఎడమ మోకాలు వణికి లోపలికి వాలిపోయింది. నాలాంటివాడికి కూడా కనిపించింది. కుడికాలితో చేస్తే మోకాలు తిన్నగా నిలబడింది.

"ఇది అందరికీ ఉంటుంది. నేను గెలుస్తున్నాను కదండీ!" అంది అమ్మాయి. "మీరు నా ఆట ఒక్కసారి కూడా చూడలేదు. చూడకుండా ఎలా చెప్తారండీ? గోడకి తెలుసా నేనెలా ఆడతానో?"

జట్టువాళ్లు కాయలు విసరడం ఆపేశారు. పెద్దవాళ్లతో అలా మాట్లాడటం మా ఇంట్లో లేదు. మందలించబోయాను. టీచరుగారు చేయెత్తి ఆపారు.

"అడగనివ్వండి. అడగవలసిందే," అన్నారు. "కూర్చో అమ్మా."

అమ్మాయి మెట్టు మీద కూర్చుంది. టీచరుగారు పక్కనే కింద కూర్చున్నారు, చేయి ఆన్చకుండా. అప్పుడు చెప్పిన మాటలు నాకు తెలిసి ఎవరికీ అంతకుముందు చెప్పలేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె బడి ఆడపిల్లలను ప్రతి ఆదివారం బస్సులో ఓడలరేవు తీసుకెళ్లేవారు. సముద్రం ఒడ్డున ఇసకలో పరుగులు, ఇసకలో గెంతులు. ఇసకలో పరిగెడితే కాళ్లు గట్టిపడతాయని అందరూ నమ్మిన కాలం. వలలు బాగు చేసుకునేవాళ్లు "పిల్లల్ని ఏటకి తయారు సేత్తన్నారా టీచరుగారండీ?" అని నవ్వేవారు. కాళ్లు నిజంగానే గట్టిపడ్డాయి. ఆ పిల్లల్లో ఒకమ్మాయి ఉండేది. అది ఎగిరి కొడితే ఎదుటి జట్టువాళ్లు కూడా చప్పట్లు కొట్టేవారు.

"నేను దాని చెయ్యే చూసేదాన్నమ్మా. షటిల్ ఎక్కడ పడుతుందో చూసేదాన్ని. అది ఎలా దిగుతుందో ఒక్కనాడూ చూడలేదు. ఇసకలో ఎలా దిగినా చప్పుడు రాదు. ఇసకలో నేల వంగుద్ది. సిమెంటు మీద మోకాలే వంగాలి. అది నేను నేర్పలేదు."

ఒక పోటీలో సిమెంటు కోర్టు మీద ఆ అమ్మాయి ఎగిరి కొట్టి, ఇసకలో దిగినట్టు కాలు బిగబట్టి దిగింది. మోకాల్లో లిగమెంటు తెగింది. ఆపరేషన్ అయింది కానీ కాలు పూర్తిగా మడత పడలేదు. తర్వాత ఆటన్నదే లేదు.

"అంతకుముందు నెలంతా నొప్పిగా ఉందని నాతో అనలేదు. అంటే ఆపేస్తానని భయం."

మా అమ్మాయి చెయ్యి ఎడమ మోకాలి మీదికి వెళ్లింది. అది చూసి నాకూ అర్థమైంది, టీచరుగారికీ అర్థమైంది.

"ఎప్పట్నుంచమ్మా?" అన్నారు మెల్లగా.

"మెట్లు దిగేటప్పుడే వస్తుందండి," అని చెప్పి మోకాళ్లలో మొహం పెట్టుకుంది.

టీచరుగారు ఫోన్ తీసి కువైట్‌కు కలిపి మా అమ్మాయి చేతికిచ్చారు. అవతల ఉన్నది ఆ అమ్మాయేనని మాకు అప్పటికి తెలియదు. మాటలు బయటికి వినిపిస్తున్నాయి.

"ఏమ్మా, నీకూ మెట్టు శిక్ష పడిందా?" అంది ఒక నవ్వు గొంతు. "నేను చెప్పేది ఒకటే అమ్మా. నేను చర్చిలో అందరితో కింద కూర్చోలేను. నాకు కుర్చీ వేస్తారు. ముప్పై ఏళ్లు రాకముందే ముసలమ్మల పక్కన కూర్చోబెట్టేరు నన్ను. వాళ్ల మోకాళ్ల కబుర్లన్నీ నాకే చెప్పేవారు. నీకు ఆ కబుర్లు కావాలా?"

అమ్మాయి ఏడుస్తూనే నవ్వింది.

"టీచరుగారి మీద మీకు కోపం రాలేదా అక్కా?" అని అడిగింది.

"వచ్చింది. చాన్నాళ్లు మాట్లాడలేదు. మళ్లీ నడక నేర్చుకునేటప్పుడు రోజూ సాయంత్రం మా గుమ్మం దగ్గరికొచ్చి నిలబడేది. నేను మొహం తిప్పుకునేదాన్ని. అయినా నిలబడేది. నా అడుగులు వినేది. 'ఇవాళ ఎడమది మెత్తగా పడిందే' అని వెళ్లిపోయేది. ఎంతకని కోప్పడతావమ్మా అలాంటి మనిషి మీద?"

ఫోను టీచరుగారికి కూడా వినిపిస్తూనే ఉంది. ఆమె లేచి మేకుకున్న రాకెట్టు ఒకటి తీసి, తీగలు సవరించి, మళ్లీ అక్కడే తగిలించారు.

*

అమ్మాయి ఆ ఎంపికకు వెళ్లలేదు. నిర్ణయం దానిదే. మర్నాడు పొద్దున లేచి "వెళ్లను డాడీ" అంది. ఎముకల డాక్టరు చూసి, తెగిందేమీ లేదు, ఇలాగే ఆడితే ఏమవుతుందో చెప్పలేనన్నారు. ఏం కసరత్తులు చేయాలో రాసిచ్చారు. టీచరుగారు ఆ చీటీ చదివించుకుని, మేము ఇంతకుముందు చేస్తున్నవాటికి రెండు కలిపారు, ఒకటి మాన్పించారు.

తర్వాత నెలలు చప్పగా గడిచాయి. అవి రాయడానికి ఏమీ లేని నెలలు. మెట్టెక్కడం, దిగడం. ఒంటికాలి మీద కాయ అందుకోవడం. కాయ పక్కకు విసరడం. బకెట్టు మోయడం. తోటి పిల్లలు ఆడుతుంటే నెట్టు పక్కనుంచి నడవడం. దాని స్నేహితురాలు జిల్లా జట్టుకు ఎంపికై కొత్త టీషర్టు వేసుకొచ్చిన రోజు ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకుంది. మర్నాడు గోదాంకు వెళ్లనంది. టీచరుగారు మా ఇంటికి వచ్చారు. గుమ్మం దగ్గర నిలబడ్డారు. లోపలికి రమ్మంటే రాలేదు. దాన్ని పిలవలేదు కూడా. మా ఆవిడ కాఫీ తెచ్చి ఇస్తే నిలబడే తాగారు.

"టీచరుగారండీ, అది రానంటుందండి."

"పర్లేదమ్మా. గదిలో నడుస్తుందిగా, వింటున్నాను."

అంతే, గదిలో అడుగులు ఆగిపోయాయి. కొంచెంసేపటికి తలుపు తెరుచుకుంది. అమ్మాయి చెప్పులు తొడుక్కుంటూ బయటికొచ్చింది, ఒంటికాలి మీద నిలబడి, గోడ పట్టుకోకుండా.

మరుసటి ఏడాది మళ్లీ ఎంపికలు వచ్చాయి. మా అమ్మాయి జిల్లా జట్టులోకి వెళ్లింది. రాష్ట్ర పోటీల్లో మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయింది. చివరి గేమ్‌లో కాళ్లు ఆడలేదని చాలామంది చెబుతారు. దాని కాళ్లు ఆడాయి, ఎదుటిపిల్ల బాగా ఆడింది. నేను అక్కడే ఉన్నాను కాబట్టి రాస్తున్నాను.

తిరిగొచ్చిన మర్నాడు గోదాంకు వెళ్లాం. ఎవరు గెలిచారు, స్కోరెంత అని టీచరుగారు అడగలేదు. మెట్టువైపు తల ఊపారు. అమ్మాయి ఎక్కి ఎడమకాలి మీదికి దూకింది.

నాకేమీ వినిపించలేదు.

"ఆయ్," అన్నారు గోడవైపు నుంచి.

ఆ సాయంత్రం స్కూటర్ మీద వెనక కూర్చుని మా అమ్మాయి దారంతా పాడుతూనే ఉంది. ఓడిపోయి వచ్చిన పిల్ల అని ఎవరూ అనుకోరు.

*

చివరి రెండేళ్లలో టీచరుగారికి వినికిడి తగ్గింది. ఎవరికీ చెప్పలేదు. మాకు ముందు తెలియలేదు, పిల్లలకు తెలిసింది. దబ్‌మని దిగినా గోడవైపు నుంచి మాట రాకపోవడంతో ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. పిల్లలన్నాక ఒకటి రెండు రోజులు దాన్ని వాడుకున్నారు కూడా. తర్వాత ఒకరోజు ఆమె కుర్చీలోంచే అన్నారట: "నాకు సరిగ్గా వినపడట్లేదర్రా. ఇకమీదట మీరే చెప్పాలి. దిగేక చెప్పండి, వినపడిందో లేదో."

అప్పటినుంచి అదే పద్ధతి. పిల్ల దిగుతుంది. చప్పుడొస్తే "వినపడిందండీ" అని తనే చెప్పి మళ్లీ మెట్టెక్కుతుంది. రాకపోతే ఊరుకుంటుంది. అబద్ధం చెప్పేవాళ్లు లేరా అని అడిగాను.

"మొదట్లో ఉన్నారండి. పక్కవాడు ఊరుకుంటాడేంటండీ?" అని నవ్వారు. ఆ తర్వాత ఇంకో మాట కూడా అన్నారు. "ఈ పని ముందే చెయ్యాల్సిందండి. నేనే వినాలనుకున్నాను ఇన్నాళ్లూ."

పోయిన వర్షాకాలంలో వాళ్లింటికి వెళ్లినప్పుడు కింద కూర్చుని బీన్స్ తుంచుతున్నారు. నన్ను చూసి లేవబోతూ గుమ్మం కమ్మీ పట్టుకున్నారు. నేను చూశానని ఆమె చూశారు.

"ఇది తొండి ఆటండి. రాయకండి," అన్నారు.

రాశాను. ఈ ఒక్కదానికి ఆమె కోప్పడరనే అనుకుంటున్నాను.

*

భూస్థాపన రోజున వాన పడింది. ఎగుమతి జట్టు పని మానేసి వచ్చింది. సమాధి తోటలో బురదగా ఉన్న దారిలో పెట్టెను జట్టువాళ్లే మోశారు. మేస్త్రి ముందు నడుస్తూ, "మెత్తగా, మెత్తగా," అని చెబుతూనే ఉన్నాడు.

చర్చివాళ్లు ఇంట్లో పెట్టిన ఆదరణ కూడిక ప్రార్థన తర్వాత వచ్చిన ఆదివారం మా అమ్మాయి గోదాంకు బయలుదేరింది. ఇప్పుడది డిగ్రీ చదువుతోంది. చిన్నపిల్లల బ్యాచ్‌ని కొన్నాళ్లుగా అదే చూసుకుంటోంది. నేనూ వెనక వెళ్లాను. తలుపు తీసేసరికి అంతా ఎలా ఉండేదో అలాగే ఉంది. మేకులకు రాకెట్లు, కుర్చీ మూలన గోడవైపు తిరిగి. కుర్చీ తీసెయ్యమని ఎవరూ అనలేదు, ఇటు తిప్పాలని కూడా ఎవరికీ తోచలేదు.

కువైట్ నుంచి వీడియో కాల్ వచ్చింది. అమ్మాయి ఫోన్ పట్టుకుని చుట్టూ చూపించింది.

"మెట్టు చూపించమ్మా. ఆ, అదే. కొంచెం అరిగిందే!" అందామె. "కుర్చీ ఉందా?"

"ఉందక్కా."

"ఎటు తిరిగుంది?"

"గోడవైపేనక్కా."

ఆమె మొహం మీద కొంగు కప్పుకోవడం కనిపించింది. కాసేపటికి, "సరే, మొదలెట్టండి. నేను వింటాను," అంది. అమ్మాయి ఫోన్‌ను కుర్చీలో నిలబెట్టింది.

పిల్లలు వరసకట్టారు. ఒకరొకరుగా మెట్టెక్కి దూకడం మొదలుపెట్టారు. అందరికంటే కొత్తగా చేరిన ఒక పిల్ల ఉంది. ఆరో తరగతి కాబోలు. పక్కవాళ్లను చూస్తూ ఎగిరి, రెండు కాళ్లు బిగబట్టి దబ్‌మని దిగింది. రేకుల కప్పు కింద ఆ చప్పుడు పెద్దగా మారుమోగింది.

పిల్లలందరూ ఒక్కసారి కుర్చీవైపు చూశారు. జట్టువాళ్లు కూడా చూశారు.

ఆ పిల్ల జడ వెనక్కి వేసుకుని, కుర్చీ వీపుకేసి చూస్తూ, "వినపడిందండీ," అంది.

తనే వెనక్కి వెళ్లి మెట్టెక్కింది. ఈసారి ఎవరినీ చూడకుండా దూకింది. తలుపు సందులోంచి వచ్చే ఎండలో పీచుదుమ్ము ఎలా తేలుతోందో అలాగే తేలుతూ ఉంది. బయట కాలవలో నీళ్లు పారడం ఒక్కటే వినిపించింది.